మొక్కజొన్నతో పెట్రోలు పచ్చబడిపోద్దా? మా మండలానికి ఇథనాల్ ప్లాంటు వస్తాదంట, తెలిసినోళ్ళు చెప్పండి

రణస్థలం_రైతుబిడ్డ | శుక్రవారం రాత్రి 8:52

అందరికీ నమస్కారం. మాది రణస్థలం సైడు, 4 ఎకరాల మెట్ట, రబీకి బోరు కింద మొక్కజొన్న వేస్తాం. వారం నుంచి ఊర్లో ఒకటే గోల, మండలం చివర్న ధాన్యంతో ఇథనాల్ తీసే ప్లాంటు పెడతారంట, ఎవరో వచ్చి భూములు చూసుకుని ఎల్లిపోనారంట. నిన్న టీ కొట్టు దగ్గర ఒక బ్రోకరు తగిలి, ఇది చాలా మంచిదండీ, పెట్రోలు కాలిస్తే భూమిలో ఉన్న పొగ పైకొచ్చీసినట్టు, ఇదైతే మొక్క పీల్చుకున్న గాలే మళ్ళీ గాల్లోకి పోద్ది, లెక్క సున్నాకి సున్నా అన్నాడు. వింటానికి బాగానే ఉంది గానీ ఇంటికొచ్చి పడుకున్నాక నాకు తట్టింది ఏటంటే, మరి నా ట్రాక్టరు డీజిలు, బోరు కరెంటు, యూరియా బస్తాలు, ఇవన్నీ ఆ సున్నాలో ఏ మూలన ఉన్నట్టు?

నేను ప్లాంటుకి వ్యతిరేకిని కాదు, రేటు వస్తే అమ్ముకునేవాడినే. నిజం ఏటో తెలుసుకుందామని అడుగుతున్నా. పబ్లిక్ హియరింగ్ పెడతారు కదా, అప్పుడు లేచి ఏమడగాలి?

చీపురుపల్లి_బుల్లెట్ | రాత్రి 9:10

పర్యావరణం సంగతి దేవుడెరుగు గురూ, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) వచ్చాక నా బండి మైలేజీ పడిపోయింది. 2017 మోడల్. కార్బ్యురేటర్ రెండుసార్లు విప్పించా. ఇంతకీ లీటరు రేటు ఒక్క పైసా తగ్గిందా, లేదు.

గేరుబాక్స్_మావయ్య | రాత్రి 9:31

విజయనగరంలో మెకానిక్ షెడ్డు నాది, 22 ఏళ్ళ సర్వీసు. బుల్లెట్ తమ్ముడూ, నీ బాధ నిజమే గానీ మరీ భయపడకు. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన రిపోర్టులోనే రాసుకున్నారు, ఈ20 కోసం తయారు కాని పాత కార్లకి 6, 7 శాతం, టూవీలర్లకి 3, 4 శాతం మైలేజీ తగ్గుద్దని. వానాకాలం ట్యాంకులోకి నీళ్ళు చేరితే ఇథనాల్ ఆ నీళ్ళతో కలిసి అడుక్కి దిగిపోద్ది, బండి మొరాయించేది అందుకు. పాత రబ్బరు పైపులు, వాషర్లు మార్పించుకో, అంతే. ఇంజన్ పేలిపోద్ది అని వాట్సాప్ లో తిప్పేవి నమ్మొద్దు.

అయితే రైతుబిడ్డ అడిగింది ఇది కాదనుకుంటా.

టీచరమ్మ_విజీనారం | రాత్రి 10:05

మావయ్య గారు అన్నట్టు మైలేజీ గొడవ వేరే, కానీ దానికీ దీనికీ ఒక ముడి ఉంది, చివర్లో చెప్తా. నేను ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను.

బ్రోకరు చెప్పింది సగం నిజం. మొక్క పీల్చుకున్న కార్బన్ డయాక్సైడే తిరిగి వస్తుంది, అది కరెక్టే. సైలెన్సర్ దగ్గర కార్బన్ మోనాక్సైడ్ కూడా తగ్గుతుంది, ఎసిటాల్డిహైడ్ మాత్రం పెరుగుతుంది, అది ఊపిరితిత్తులకి మంచిది కాదు. కానీ అసలు తిరకాసు సైలెన్సర్ దగ్గర లేదు, పొలంలో ఉంది. యూరియా చల్లితే అందులో నత్రజని అంతా మొక్క తినదు, కొంత నేలలో సూక్ష్మజీవుల చేతిలో పడి నైట్రస్ ఆక్సైడ్ గా గాల్లోకి లేస్తుంది. ఈ గ్యాసు భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు ఎక్కువ. ఓజోన్ మీద పనికి నోబెల్ తీసుకున్న పాల్ క్రుట్జెన్ బృందం 2008లో ఈ లెక్కే వేసి, మొక్కజొన్న, ఆవ లాంటి పంటల నుంచి తీసే ఇంధనం పెట్రోలు, డీజిలు మానేసి మిగిల్చిన లాభాన్ని ఈ ఒక్క గ్యాసే తినేయగలదు అన్నారు. దాని మీద వాదాలు జరిగాయి, జరుగుతున్నాయి, కానీ లెక్క సున్నా అని మాత్రం ఎవరూ అనట్లేదు.

అమెరికాలో ఇది మనకంటే ముందే జరిగింది. 2005లో చట్టం చేసి 2007లో దాన్ని పెంచారు, ఇప్పుడు వాళ్ళ మొక్కజొన్నలో మూడో వంతు పైనే ఇథనాల్ కి పోతుంది. 2022లో అక్కడి సైన్సు అకాడమీ జర్నల్లో ఒక పేపర్ వచ్చింది, గడ్డి భూములు దున్నేయడం, ఎరువులు పెరగడం అన్నీ కలిపి చూస్తే ఆ ఇథనాల్ పెట్రోలు కంటే తక్కువ కాలుష్యం ఏమీ కాదు, బహుశా 24 శాతం ఎక్కువే అని. ఇథనాల్ కంపెనీల సంఘాలు ఒప్పుకోలేదనుకోండి. ఆ పొలాల్లో మిగిలిన నత్రజని మిసిసిపీ నదిలో కొట్టుకుపోయి గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ప్రతి వేసవిలో చేప బతకని నీళ్ళు తయారవుతున్నాయి. మన నాగావళి కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది కదా, ఆ చోటు ఊహించుకోండి.

ముడి ఏంటంటే, ఇథనాల్ కి పెట్రోలు కంటే లీటరుకి సత్తువ తక్కువ కాబట్టి అంతే దూరానికి ఎక్కువ లీటర్లు కావాలి, ఎక్కువ లీటర్లంటే ఎక్కువ పొలం.

రణస్థలం_రైతుబిడ్డ | రాత్రి 10:48

టీచరమ్మ గారూ దండం. మీరు చెప్పింది చదివి మా పిల్లోడి చేత లెక్క కట్టించా, తప్పుంటే దిద్దండి.

మాకు బాగా పండితే ఎకరాకి 30 క్వింటాళ్ళు, అంటే 3 టన్నులు. టన్నుకి 380 లీటర్ల ఇథనాల్ వస్తాదని అదే నీతి ఆయోగ్ రిపోర్టులో ఉందంట, అయితే 1140 లీటర్లు. సత్తువ పెట్రోలులో మూడింట రెండొంతులే కాబట్టి 760 లీటర్ల పెట్రోలుకి సమానం. మా బావమరిది కారు లీటరుకి 16 ఇస్తాది, ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరుగుతాడు, 750 లీటర్లు. అంటే నా ఎకరం పొలం మొత్తం, నాలుగు నెల్ల నీళ్ళు, కత్తెర పురుగు మందులు, కాపలా, పందుల గోల, ఇదంతా కలిపి మా బావమరిది కారు ఒక్క ఏడాది తిరగడానికి సరిపోద్ది!! ఆడు తిరిగేది సగం పెళ్ళిళ్ళకే.

యూరియా ఎకరాకి 4 బస్తాలు వేస్తా. దాన్నించి ఎంత గ్యాసు లేస్తాదో మీరే చెప్పాలి.

టీచరమ్మ_విజీనారం | రాత్రి 11:20

మీ పిల్లోడికి నా తరఫున ఒక చాక్లెట్ ఇవ్వండి, లెక్క బాగుంది.

బస్తా 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం, 4 బస్తాలకి దాదాపు 83 కిలోలు. అందులో నూటికి ఒక వంతు నైట్రస్ ఆక్సైడ్ రూపంలో పోతుందని మామూలుగా వేసే లెక్క, క్రుట్జెన్ వాళ్ళది ఇంకా ఎక్కువ, 3 నుంచి 5 శాతం. తక్కువదే తీసుకున్నా 1.3 కిలోల గ్యాసు, 270తో హెచ్చిస్తే 350 కిలోల కార్బన్ డయాక్సైడ్ కి సమానం. 750 లీటర్ల పెట్రోలు కాలిస్తే వచ్చేది 1700 కిలోల పైచిలుకు. ఐదో వంతు అక్కడే పోయింది. ఇంకా ఆ యూరియా తయారీకి కాల్చిన గ్యాసు, మీ బోరు కరెంటు, లారీలు, ప్లాంటు బాయిలర్లో బొగ్గు నేను కలపలేదు. బొగ్గుతో సారా కాచి దానికి పచ్చ రంగు వేస్తే ఎలా అండి.

భీమసింగి_చెరుకు | శనివారం ఉదయం 6:40

పొద్దున్నే లేచి చదివా మొత్తం. అందరూ ఒకే వైపు వాయిస్తున్నారు, నేను రెండో వైపు మాట్లాడతా. మాది చెరుకు కుటుంబం. ఆమదాలవలస ఫ్యాక్టరీ మూతబడింది, మా భీమసింగి మూతబడింది, జిల్లాలో చెరుకు ఎంత పోయిందో మీకు తెలుసు. ఉత్తరాదిలో, మహారాష్ట్రలో చెరుకు రైతుకి బకాయిలు తీరుతున్నాయంటే ఇథనాల్ డబ్బులే కారణం. పెట్రోలు మటుకు ఏం పుణ్యం చేసింది? గల్ఫ్ నుంచి ఓడల్లో తెచ్చుకుని డాలర్లు పోసి కాల్చుకుంటున్నాం. ఆ డబ్బు మన రైతుకి వస్తే తప్పేటి? చెరుకు అయితే పిప్పి కాల్చుకునే ఫ్యాక్టరీ నడుస్తాది, బొగ్గు అక్కర్లేదు. బ్రెజిల్ 1975 నుంచి చేస్తోంది, మునిగిపోయిందా?

నాగావళి_నీటిబొట్టు | ఉదయం 7:55

చెరుకు అన్నయ్యా, రైతుకి డబ్బు రావాలి అనడంలో గొడవ లేదు. బ్రెజిల్ లో చెరుకు ఎక్కువగా వానకే పండుద్ది, మనకి నీళ్ళు కట్టాలి. తేడా అంతా అక్కడే.

నేను ఇరిగేషన్ లో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. పైన ఎవరో ఎత్తిన నీతి ఆయోగ్ రిపోర్టులోనే రాశారు, పంచదార లెక్కన చూస్తే చెరుకు నుంచి ఒక్క లీటరు ఇథనాల్ కి సుమారు 2860 లీటర్ల నీళ్ళు. గవర్నమెంటు రిపోర్టే ఆ మాట అంటే ఇంక నేను కొత్తగా చెప్పేదేటి. 2023లో వానలు సరిగ్గా పడక చెరుకు తగ్గేసరికి డిసెంబరులో చెరుకు రసంతో ఇథనాల్ తియ్యొద్దని ఢిల్లీ నుంచి ఆర్డరు వచ్చింది, తరువాత కాస్త సడలించారనుకోండి. అప్పుడే కంపెనీల చూపు మొక్కజొన్న మీద పడింది. ఎప్పుడూ ఎగుమతి చేసే దేశం 2024కి వచ్చేసరికి మొక్కజొన్న దిగుమతి చేసుకునే స్థితికి వచ్చీసింది. పెట్రోలు దిగుమతి తగ్గించబోయి మొక్కజొన్న దిగుమతి!

బియ్యం కథ ఇంకా ఘోరం. ఎఫ్.సి.ఐ. గోడౌన్లలో బియ్యం ఇథనాల్ కి కిలో 22 రూపాయల 50 పైసలకి ఇచ్చారు. కిలో బియ్యం పండాలంటే రెండు మూడు వేల లీటర్ల నీళ్ళు కావాలి, కిలో బియ్యంతో అర లీటరు ఇథనాల్ కూడా రాదు. తోటపల్లి కాలవ చివరి ఊళ్ళకి నీళ్ళు అందట్లేదని నా సర్వీసంతా తిట్లు తిన్నాను నేను, ఆ నీళ్ళని ట్యాంకర్లో పోసి తగలబెట్టడమంటే నాకు కడుపు మండుతాది.

కోళ్ళఫారం_కొత్తవలస | ఉదయం 8:30

మా గోడు కూడా రాసుకోండి. కోడి దాణాలో సగం పైన మొక్కజొన్నే. ఇథనాల్ వాళ్ళు లైన్లోకి వచ్చాక రేటు ఎక్కింది, గుడ్డు రేటు మాత్రం మా చేతిలో లేదు. దానికి బదులు ప్లాంటు నుంచి వచ్చే పిప్పి, డీడీజీఎస్ అంటారు, అది వాడమంటారు. టన్ను మొక్కజొన్నకి 300 కిలోల దాకా వస్తాది, మాంసకృత్తులు బాగానే ఉంటాయి, నేను కాదనను. కానీ తడి గింజకి బూజు పట్టి ఉంటే ఆ విషం పిప్పిలోకి మూడింతలు చిక్కబడి వస్తాది, పిండి పదార్థం ఇథనాల్ అయిపోయి మిగతాదంతా ఇందులోనే ఉంటాది కదా. ఒకసారి నా బ్యాచిలో కోళ్ళు మేత ముట్టలేదు, లివర్లు పాడైపోనాయి. అప్పట్నుంచీ టెస్ట్ రిపోర్టు లేకుండా కొనను.

రణస్థలం_రైతుబిడ్డ | ఉదయం 9:02

కోళ్ళఫారం మావయ్యా, రేటు ఎక్కింది అని మీరు ఏడుస్తున్నారు, మాకు రేటు రాలేదని మేము ఏడుస్తున్నాం, మధ్యలో తిన్నది ఎవడు?

కోళ్ళఫారం_కొత్తవలస | ఉదయం 9:06

అదే తెలిస్తే నేను కోళ్ళెందుకు పెంచుతాను బాబూ, ఆ పనే చేద్దును

నిర్మల్_అల్లుడు | ఉదయం 10:15

నాది రాజాం, అత్తారిది నిర్మల్ దగ్గర. 2024 నవంబరులో దిలావర్‌పూర్ లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం హైవే మీద కూర్చున్నారు, టీవీల్లో చూసే ఉంటారు. ఆడవాళ్ళు రాత్రంతా రోడ్డు మీదే. ఆఖరికి పనులు ఆపమని ఆర్డరు వచ్చింది. అంతకు ముందు నారాయణపేట జిల్లా చిత్తనూరులో గొడవైంది, పంజాబ్ జీరాలో నెలల తరబడి ధర్నా చేసి 2023 జనవరిలో మూయించారు. చదువురాని జనం రెచ్చిపోయారు అని కొట్టి పారేసేది కాదు ఇది.

వాళ్ళ భయం నీళ్ళ మీద, వాసన మీద. లీటరు ఇథనాల్ తీస్తే 8 నుంచి 15 లీటర్ల దాకా మడ్డి నీళ్ళు వస్తాయి, స్పెంట్ వాష్ అంటారు. ముదురు గోధుమ రంగు, వేడి, ఆమ్లం, చెరువులో పడితే నీళ్ళలో ప్రాణవాయువు అంతా అదే తాగేస్తది, చేపలు తేలిపోతాయి. అందుకే డిస్టిలరీలని కాలుష్య బోర్డు రెడ్ కేటగిరీలో, అంటే ఎక్కువ కాలుష్యం చేసేవాటి జాబితాలో పెట్టింది. బయటికి చుక్క వదలం, అంతా ఆవిరి పట్టి ఆరబెడతాం అని కాగితం మీద రాస్తారు, నిజంగా చేసేవాళ్ళు ఉన్నారు కూడా. కానీ ఆవిరి పట్టాలంటే కరెంటు ఖర్చు, బాయిలర్ ఖర్చు. రాత్రి రెండింటికి పెద్ద వాన పడుతున్నప్పుడు వాల్వు తిప్పితే చూసేదెవడు?

వంశధార_గట్టు | ఉదయం 10:40

వాన రాత్రి సంగతి మాకు చెప్పక్కర్లేదు. మా గెడ్డ ఒకప్పుడు తాగే నీళ్ళు. పైన ఏదో కంపెనీ (పేరొద్దు, కేసులు) వచ్చాక వాన పడిన మర్నాడు నురుగు. ఫోన్ చేస్తే ఆఫీసరు వచ్చేది మూడో రోజు, అప్పటికి గెడ్డ తేటగా అయిపోద్ది, శాంపిల్ లో ఏమీ ఉండదు. ఇథనాల్ కాదు అది, వేరే ఏదో, కానీ గెడ్డకి తేడా ఏం తెలుస్తాది.

నాగావళి_నీటిబొట్టు | ఉదయం 11:12

రైతుబిడ్డ బాబూ, పబ్లిక్ హియరింగ్ పెడతారు కదా అన్నావ్. ఆ ఆశ పెట్టుకోకు. 2021 జూన్ 16న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, ధాన్యంతో నడిచి, మురుగు బయటికి వదలకుండా, తీసిన ఇథనాల్ అంతా పెట్రోలులో కలపడానికే ఇస్తామంటే ఆ ప్లాంటుని బీ2 కింద చూస్తారు. బీ2 అంటే హియరింగ్ లేకుండానే పర్మిషన్. నిన్ను అడగరు. 20 శాతం టార్గెట్ మొదట 2030కి పెట్టుకున్నారు, 2021లోనే ముందుకి జరుపుతామన్నారు, 2022లో పాలసీ మార్చి 2025-26కి లాగేశారు, ఆ తొందరలో ఇలాంటివన్నీ తేలికైపోనాయి.

రణస్థలం_రైతుబిడ్డ | ఉదయం 11:15

ఓరి నాయన. ఇది నాకు తెలీదు.

తాతారావు_కబుర్లు | మధ్యాహ్నం 12:50

నాకు 71. పిల్లలు రాసిపెడుతున్నారు, నేను చెప్తున్నా. ఈ పచ్చ నూనె ఆశ మొదటిది కాదు. ఇరవై ఏళ్ళ కిందట జట్రోఫా అన్నారు, కానుగ అన్నారు, బీడు భూముల్లో నీళ్ళు లేకుండా పెరుగుద్ది, డీజిలు కాసేస్తాది అన్నారు. మా కొండ కింద మొక్కలు పాతారు. నీళ్ళు లేకుండా బతికింది, కాయలే కాయలేదు. కాసిన చోట కొనేవాడు రాలేదు. 2017కి 20 శాతం అని 2009లో పాలసీ రాసుకున్నారంట, అది ఎటు పోయిందో ఎవరూ అడగలేదు. ఆ బీడు అన్నదాంట్లో మా గొర్రెలు మేసేవి, మేకలు మేసేవి, పుల్లలు ఏరుకునేవాళ్ళు. బీడు అని కాగితం మీద రాసేవాడికి గొర్రె కనపడదు.

ఇంకో మాట. మా చిన్నప్పుడు ఈ మెట్టంతా గోగు, చోడి, గంట్లు, నువ్వులు. గోగు నార విజయనగరం మిల్లులకి పోయేది. వరి కోశాక పెసలు, మినుములు జల్లేవాళ్ళం, యూరియా లేదు గియూరియా లేదు, పైగా అవే నేలకి బలం పట్టేవి. ఇప్పుడు చూపు ఆనినంత మేర మొక్కజొన్న. మినపప్పు బర్మా నుంచి వస్తాందంట, ఇడ్లీకి.

టీచరమ్మ_విజీనారం | మధ్యాహ్నం 1:30

తాతగారూ, మీరు చెప్పిన దానికే సైంటిస్టులు పెద్ద పేరు పెట్టుకున్నారు, పరోక్ష భూ వినియోగ మార్పు అని. ఇక్కడ మినుము తీసేసి ఇంధనం పంట వేస్తే ఆ మినుము ఇంకో దేశంలో ఇంకో అడవి కొట్టి పండించాలి. 2008లో సెర్చింజర్ అనే ఆయన సైన్స్ పత్రికలో ఈ వాదన పెట్టాక గొడవ గొడవైంది. పామాయిలు అయితే కళ్ళెదురుగా కనిపించింది, ఇండోనేషియాలో వేల ఏళ్ళుగా ఆకులు కుళ్ళి పేరుకున్న బురద అడవులు ఎండగట్టి, తగలబెట్టి తోటలు వేశారు. యూరప్ వాళ్ళు పామాయిలుతో చేసే బయోడీజిల్ ని 2030కల్లా పచ్చ ఇంధనం లెక్కలోంచి తీసేస్తామన్నారు. ఇండోనేషియా మాత్రం 2025లో డీజిల్లో 40 శాతం కలపడం మొదలెట్టింది. ఆ నూనె అక్కడి లారీల్లో కాలితే మన బూరెల మూకుట్లోకి వచ్చే ప్యాకెట్ ధర ఎందుకు పెరగదు?

భీమసింగి_చెరుకు | మధ్యాహ్నం 2:05

సరే, ఒప్పుకుంటా, తిండి గింజతో చెయ్యడం మీద నాకూ అనుమానం పడింది. మరి గడ్డితో చేసేది ఉంది కదా, పానిపట్ లో 2022లో వరిగడ్డితో ప్లాంటు పెట్టారు. అది మంచిదేనా కాదా?

గేరుబాక్స్_మావయ్య | మధ్యాహ్నం 2:20

పానిపట్ సైడు పొలాల్లోనే గడ్డి తగలబెట్టి ఢిల్లీ వాళ్ళని దగ్గిస్తారు, అక్కడ మంచిదే. మన దగ్గర గడ్డి కుప్ప లేని ఇల్లు ఉందా? మన గడ్డి పశువుకే చాలదు. ఆడి రోగానికి మందు మనం మింగితే ఎలగ. మిర్చి బజ్జీల కొట్లో మాడిన నూనెతో బయోడీజిల్ చేస్తామంటే మాత్రం నేను రేపే డబ్బా పట్టుకుని తిరుగుతా, ఆ నూనె మళ్ళీ మళ్ళీ జనం పొట్టల్లోకే పోతోంది.

టీచరమ్మ_విజీనారం | మధ్యాహ్నం 2:41

మాడిన నూనె మంచిదే, కాకపోతే దొరికేది తక్కువ. చెరుకు గారూ, ఎండ సంగతి కూడా ఒకసారి చూడండి. మొక్క ఎండలో నూటికి ఒక వంతు కూడా సరిగ్గా దాచుకోలేదు, సోలార్ పలక 20 వంతులు కరెంటు చేస్తుంది. రైతుబిడ్డ గారి బావమరిది కారు బ్యాటరీది అయితే ఎకరం అక్కర్లేదు, మేడ మీద పలకలు చాలు. బ్యాటరీ గనుల్లో వేరే పాపాలు ఉన్నాయి, అవి ఇంకో రోజు.

రణస్థలం_రైతుబిడ్డ | సాయంత్రం 6:30

అందరికీ చాలా థాంక్స్. మా సర్పంచికి మొత్తం చదివి వినిపించా. ఆయన అన్నాడు, ప్లాంటు వస్తే నలుగురికి ఉద్యోగాలు వస్తాయిరా అని. అదీ నిజమే. గ్రామసభలో బోరు నీళ్ళు ఎన్ని తోడతారు, బాయిలర్లో బొగ్గా ఊకా, మడ్డి నీళ్ళు ఎక్కడ ఆరబెడతారు, ఈ మూడూ రాతపూర్వకంగా అడుగుతాం అనుకున్నాం.

నాగావళి_నీటిబొట్టు | సాయంత్రం 6:58

బాబూ, ఒక పని ముందు చెయ్యి. ప్లాంటు రాకముందే మీ ఊరి బోర్లలో నీళ్ళ లెవెల్ ఎంతో, తేదీ వేసి రాయించుకో. నీళ్ళు సీసాల్లో పట్టి ల్యాబులో టెస్ట్ చేయించి రిపోర్టు దాచుకో. రేపు ఏదైనా అయితే, మీ నీళ్ళు ముందునుంచీ ఇలాగే ఉన్నాయి అంటారు. అప్పుడు చూపించడానికి మీ దగ్గర కాగితం ఉండాలి. నా సర్వీసులో కాగితం లేక ఓడిపోయిన ఊళ్ళు చూశాను.

వంశధార_గట్టు | సాయంత్రం 7:03

మేము ఆ పని చెయ్యలేదు. నిజం.

రణస్థలం_రైతుబిడ్డ | రాత్రి 7:40

మా బోరు 180 అడుగులు. మోటారు ఆపి తాడుకి రాయి కట్టి దింపితే లెవెల్ తెలుస్తాదా, లేక వేరే పద్ధతి ఉందా? రేపు ఆదివారం, నలుగురు కుర్రాళ్ళు ఖాళీగా ఉన్నారు, సీసాలు కూడా కడిగి పెట్టాం.